కొలవని రోజుల వాన

ప్రోగ్రాం రాసినవాడు దాన్ని కన్నబిడ్డలా చూపిస్తాడు. ఆ బిడ్డకు మెల్లకన్ను ఉందని చెప్పే పని మనది. పేరంటానికి వెళ్లి అలాంటి మాట అన్న ఆడదాన్ని మళ్లీ ఎవరైనా బొట్టు పెట్టి పిలుస్తారా? టెస్టింగ్ ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. మిమ్మల్ని జీతమిచ్చి పెట్టుకునేది తప్పులు పట్టడానికే. పట్టినప్పుడు మాత్రం ఎవరూ సంతోషించరు.

నేను ఈ పని అనంతపురంలో మొదలుపెట్టి అనంతపురంలోనే ముగించాను. బెంగళూరు బస్సు ఎక్కనందుకు చాలామంది నన్ను తెలివితక్కువదానిగా చూశారు, చూడనీ. నా ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. రాసేంత ఏమీ లేవు కూడా. ఒకే ఒక ప్యాకేజీ గురించి రాస్తాను. ఈ వృత్తిలో పనికొచ్చేదంతా నేను దాని దగ్గరే నేర్చుకున్నాను. ఈ వృత్తి మీద నాకున్న కోపం కూడా అక్కడే మొదలైంది, ఇంతవరకు తగ్గలేదు.

ఒక్క బైటు చాలు

అప్పుడు తొంభైల చివరి సంవత్సరాలు. మా కంపెనీ ఒక ఎరువుల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది. కింద నుంచి పురుగుమందు వాసన, పై నుంచి రేకుల వేడి. ఓనరు చంద్రశేఖర్ గారు. భూములున్న కుటుంబం, చుట్టాల్లో సగం మంది రాజకీయాల్లో, సగం మంది కాంట్రాక్టుల్లో ఉండేవాళ్లు. ఆ చుట్టరికాల బలంతోనే ఒక ప్రభుత్వ కార్యాలయం పని మాకు వచ్చింది.

పని ఇది. ప్రతి మండలంలోనూ వాన కొలిచే పాత్ర ఒకటి ఉంటుంది. రోజూ పొద్దున ఒక మనిషి వెళ్లి అందులో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూసి చెప్పాలి. ఆ అంకెలన్నీ తీసుకుని ఏ మండలంలో కరువు ఉందో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే మా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ తేల్చాలి. అది కరువు అని తేల్చిన మండలంలోనే ప్రభుత్వం పశువులకు గడ్డి కేంద్రం పెడుతుంది. తేల్చకపోతే గడ్డి లేదు. అంతకు ముందు ఈ జాబితాలు నాయకుల ఇళ్లలో తయారయ్యేవి. మిషన్ అయితే ఎవరి మొహమూ చూడదు కదా అని నేను నిజంగా సంబరపడ్డాను. అప్పుడు నాకు అంతమాత్రం తెలివే ఉండేది.

ప్యాకేజీ పేరు 'జల్లు'. జల్లు కూడా పడని జిల్లాలో ఆ పేరు పెట్టింది ఓనరుగారే. కోడు రాసింది ఇంతియాజ్. కదిరి కుర్రాడు, సీ భాషలో ఘటికుడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. ఫోన్ లైన్ల మీద డేటా చీమలా నడిచే రోజులవి కాబట్టి ప్రతి అంకెకూ వీలైనంత చిన్న గడి పెట్టాలని అతని పట్టుదల. ఒక రోజు వానకు ఒక్క బైటు ఇచ్చాడు. అందులో నూట ఇరవై ఏడు మిల్లీమీటర్ల దాకా అంకె ఇముడుతుంది. అంతకు మించి వాన పడితే ఎట్లా అని అడిగాను.

"మనకు ఒక్క రోజులో అంత పడేది ఎప్పుడక్కా? పడితే ఆ పొద్దు ప్యాకేజీ వద్దు, ఏమీ వద్దు, అందరం బయటికి పోయి తడుస్తాం" అన్నాడు.

గది గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. వేరే ఏ జిల్లా వాళ్లైనా అంత చిన్న గడిలో వానను పెట్టడానికి భయపడేవాళ్లు. మాకు భయం లేదు. మా వాన సంగతి మాకు తెలుసు.

పాత్ర చూడని రోజులకు ఒక గుర్తు కావాలి. సున్నా వేస్తే వాన పడలేదని అర్థం. పడలేదు అనడం వేరు, పడిందో లేదో తెలియదు అనడం వేరు. అందుకని తెలియని రోజుకు మైనస్ ఒకటి వేద్దామని అనుకున్నాం. మైనస్ ఒకటి కనిపిస్తే ప్యాకేజీ పక్క మండలం అంకె తీసుకుంటుంది. ఇంకో నిబంధన వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పారు: ఒక్క రోజులో ఎంత కుండపోత పడినా అరవై మిల్లీమీటర్లకు మించి లెక్కలోకి తీసుకోవద్దు, మిగతాది వంకల్లో కొట్టుకుపోతుందే గానీ నేలలో ఇంకదు. రెండూ మంచి నిబంధనలే. దేనికది పరీక్షించాను, రెండూ మా పీసీల మీద చక్కగా పనిచేశాయి.

శుభలేఖల మిషన్

అన్నీ అయ్యాక తెలిసింది, హైదరాబాదులో ఆ కార్యాలయం వాళ్ల దగ్గర ఉన్నది మామూలు పీసీ కాదని. పవర్‌పీసీ ప్రాసెసర్ ఉన్న పెద్ద మిషన్. దాని మీద కూడా లైనక్సే. ఆ ప్రాసెసర్ మీద ఒకసారి అంతా పరీక్షించాలి, అలాంటి మిషన్ ఒకటి కావాలి అని ఓనరుగారిని అడిగాను.

"ఏమ్మా శాంతమ్మా, లైనక్సు యాడైనా లైనక్సే కదా. ఈడ నడిచినేది ఆడ నడవదా?"

ఈ మాట మీరూ వింటారు. పేర్లు మారతాయి, మాట ఇదే. ఒకే కోడును రెండు ప్రాసెసర్ల కోసం కంపైల్ చేస్తే, అంటే మిషన్ భాషలోకి మారిస్తే, రెండు ప్రోగ్రాములు తయారవుతాయని పైవాళ్లకు చెప్పి ఒప్పించడం నా సర్వీసులో ఒక్కసారి కూడా నావల్ల కాలేదు.

మిషన్ నేనే వెతుక్కున్నాను. అప్పట్లో పెండ్లి పత్రికలు డిజైన్ చేసే ప్రెస్సుల్లో కొన్నింటిలో పవర్‌పీసీ కంప్యూటర్లు ఉండేవి. గుత్తిలో రంగనాథం గారనే ప్రెస్సు ఓనరు దగ్గర ఒకటి ఉందని విని రైలెక్కి వెళ్లాను. ఆయన నన్ను కింది నుంచి పైకి చూశాడు.

"ఇస్తా మేడం, ఇయ్యనని చెప్పను. అయితే మాఘమాసం వస్తానే నా మిషన్ నాకు కావల్ల. ముహూర్తాలు ఉండాయి. పత్రికలు ఆగితే నన్ను ఊర్లో తిరగనియ్యరు."

దేవుళ్ల బొమ్మలూ అరటి చెట్ల బొమ్మలూ ఉన్న ఆ డిస్కులో ఒక మూల లైనక్స్ ఎక్కించి, జల్లును దాని మీద కంపైల్ చేశాను. కంపైలర్ ఇచ్చే హెచ్చరికలు తెర నిండా వస్తున్నాయని ఇంతియాజ్ వాటిని ముందే కనపడకుండా ఆపేసి ఉన్నాడు. ప్రోగ్రాం మొదలుపెట్టగానే పడిపోయింది. ఆ ప్రాసెసర్ అంకెలోని బైట్లను అటువైపు నుంచి చదువుతుంది. దాంతో మా ఫైళ్లలోని ఒకటో నంబరు మండలం రెండు వందల యాభై ఆరో నంబరు అయి కూర్చుంది. అన్ని మండలాలు మన జిల్లాలో ఎక్కడివి? ప్రోగ్రాం నోరు తెరిచి అరిచింది, ఇంతియాజ్ వచ్చి దిద్దాడు.

ఇలాంటి తప్పులంటే నాకు గౌరవం. పట్టుకోమని అవే చెప్తాయి. భయపడాల్సింది చెప్పకుండా నవ్వుతూ జవాబిచ్చే తప్పుకు.

అంకెల వరస దిద్దాక అసలైన మండలాల డేటా కావాలని అడిగాను. హైదరాబాదు కార్యాలయం వాళ్లు అనంతపురం టౌను అంకెలు మాత్రం పంపారు, ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా. ఖాళీలున్న మండలం ఒకటైనా ఇవ్వమని మళ్లీ అడిగితే, "మా వాళ్లు రోజూ చూస్తారమ్మా, ఖాళీలు ఎందుకుంటాయి?" అని జవాబు. ఖాళీలు చూపించడం వాళ్లకు తలవంపులు. సరే, నేనే ఖాళీల డేటా తయారుచేద్దామని కూర్చునేసరికి మాఘమాసం వచ్చింది. రంగనాథం గారు మిషన్ వెనక్కి అడిగారు. ఆయన్ని ఏమనడానికీ లేదు, ముందే చెప్పాడు.

ఖాళీ రోజుల పరీక్ష పవర్‌పీసీ మీద కాలేదు, అది అయ్యేదాకా పంపొద్దని ఓనరుగారికి చెప్పాను.

"నడిచింది కదా?" అన్నారు.

"టౌను డేటా మీద నడిచింది సార్."

"ఇంకేం మరి" అని ప్యాకేజీ హైదరాబాదుకు పంపించేశారు. ఈ దేశంలో పెండ్లిళ్లకు ముహూర్తం ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌కు ఉండదు.

పాత్ర చూసే మనిషి

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన కరువులు ఈ జిల్లా వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అందులో ఒక యేడు మా అక్క ఊళ్లో వేసిన వేరుశనగ మొలక దశలోనే మాడింది.

మా అక్క సుభద్రను మడకశిర అవతల ఒక పల్లెకు ఇచ్చారు. ఇంకో నాలుగు అడుగులు వేస్తే కర్ణాటక. బావ వెంకటేశప్పకు గుట్ట వాలులో రాళ్ల చేను ఉంది. ఆ వాలుకు ట్రాక్టరు ఎక్కదు, ఎద్దులే దున్నాలి. ఒక జత హళ్ళికారు జాతి ఎద్దులు ఉండేవి ఆయనకు. బావ వాటి ముందు బీడీ కూడా తాగేవాడు కాదు. ఆ యేడు గడ్డివామి అడుగంటింది. గడ్డి కేంద్రం పెడితే ఎద్దులు మిగులుతాయి, లేకపోతే లేదు. మా అక్క ఇల్లంతా ఆ ఒక్క ఆశ మీద ఉంది.

ఆ మండలంలో వాన పాత్ర బడి ఆవరణలో ఉంటుంది. దాన్ని చూసేవాడు హొన్నూరప్ప. అతనికి అదొక్కటే బతుకుతెరువు కాదు, అందరిలాగే వేరుశనగ చేను ఉంది. చేను మాడిపోయాక అందరిలాగే పెళ్లాం బిడ్డలతో బెంగళూరు పోయాడు, కట్టడాల పనికి. పాత్రను చూసే మనిషి లేడు. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. కరువు తక్కువున్న ఊళ్లో మనిషి ఉంటాడు, పాత్ర చూస్తాడు. కరువు ముదిరిన ఊళ్లో మనిషి వలస పోతాడు, పాత్ర చూసే దిక్కు ఉండదు. అంటే ఖాళీ రోజులు ఎక్కువున్నది కరువు ఎక్కువున్న చోటే. ఇది హైదరాబాదులో ఎవరికీ తట్టలేదు. ఇక్కడ పుట్టిన మాకు తట్టాలి కదా అంటారేమో. అందుకే కదా ఖాళీల డేటా కావాలని మొత్తుకున్నది.

జాబితా వచ్చింది. చుట్టుపక్కల మండలాలన్నీ కరువులో ఉన్నాయి, అక్క వాళ్ల మండలం లేదు. అక్క ఫోన్ చేసింది.

"ఏమే శాంతా, మీ కంప్యూటరు ఈడ బాగా వాన పడిందని చెప్పినాదంట? యాడ పడిందో చూపిచ్చమను. మీ బావ కొడవలి తీసుకోని గడ్డి కోసేకి పోతాడు."

నేను ఏదో సర్దిచెప్పబోతే, "నీకు జీతమిచ్చేది దానికేనా?" అని పెట్టేసింది.

హైదరాబాదుకు వెళ్లిన డేటానే తెప్పించి మా పీసీ మీద నడిపాను. అక్క వాళ్ల మండలం కరువులోనే తేలింది. అదే డేటా, అదే కోడు, అక్కడ ఒక జవాబు, ఇక్కడ ఒక జవాబు. గుత్తికి పరిగెత్తాను. రంగనాథం గారు పత్రికల పని పక్కన పెట్టి మిషన్ ఇచ్చారు. లెక్క మధ్యలో ఏం జరుగుతోందో ఒక్కొక్క రోజు అంకె ముద్రించి చూశాను.

సీ భాషలో ఆ చిన్న గడి పేరు 'చార్'. అందులో మైనస్ అంకెలు పట్టాలా వద్దా అన్నది ఆ భాష పెద్దలు తేల్చకుండా వదిలేశారు. మా పీసీల మీద ఇముడుతాయి. పవర్‌పీసీ లైనక్స్ మీద పట్టవు. మేము వేసిన మైనస్ ఒకటి అక్కడ రెండు వందల యాభై ఐదు అవుతుంది. అంటే హొన్నూరప్ప పాత్ర చూడని ప్రతి రోజూ ఆ మండలంలో రెండు వందల యాభై ఐదు మిల్లీమీటర్ల వాన! అంత పిచ్చి అంకె బయటికి వచ్చి ఉంటే ఏ గుమాస్తా అయినా పట్టేవాడు. కానీ అరవై నిబంధన ఉంది కదా, అది ఆ పిచ్చి అంకెను కోసి బుద్ధిగల అంకెను చేసింది. మనిషి వలస పోయిన ప్రతి రోజూ అరవై మిల్లీమీటర్ల చక్కని వాన కురిసింది, మిషన్‌లో.

ఇంతియాజ్‌కు చూపించాను.

"కంపైలర్ చెప్పింటాదక్కా. ఈ గడిలో మైనస్ ఒకటి ఎప్పటికీ రాదని హెచ్చరిక ఇచ్చింటాది. నేనే నోరు మూసినా దానికి" అన్నాడు.

'చార్' అన్న చోట దాని ముందు ఒక్క మాట చేర్చాలి, మైనస్ పట్టే గడి అని. ఒకే ఒక్క మాట. చేర్చాడు. అదే మిషన్ మీద మళ్లీ నడిపితే అక్క వాళ్ల మండలం కరువులోకి వచ్చింది. దాంతో పాటు ఇంకొన్ని మండలాలు కూడా.

నీది ఏ ఊరమ్మా?

కాగితాలు పట్టుకుని ఓనరుగారి గదిలోకి వెళ్లాను. ఆయన అంతా విన్నారు. అర్థమైంది కూడా, తెలివైన మనిషే. కాగితాలు ఇటు తోశారు.

"మడకశిర కాడ కదా మీ అక్కోళ్లది?"

"అవును సార్. అయితే?"

"అయితే ఏముండాది, నీ చుట్టాలకు గడ్డి కావల్లని లెక్క మార్చినావంటారు. నేను పోయి చెప్తే చంద్రశేఖర్ కంపెనీ తప్పు చేసిందంటారు. కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకమ్మా? వచ్చే వెర్షన్‌లో సద్దు లేకుండా పెట్టేద్దాం."

నాకు ఒళ్లు మండింది. ఆ మాటకు ఈ రోజు కూడా మండుతుంది. ఆయనకు చెప్పకుండా హైదరాబాదు వెళ్లాను. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ఒకే డేటాకు రెండు మిషన్ల జవాబులూ పక్కపక్కన పెట్టి చూపించాను.

"చూడమ్మా, మనుషులు చెప్తే పక్షపాతం అంటున్నారనే కదా మిషన్ పెట్టింది. ఇప్పుడు మిషన్ చెప్పింది కాదని మనిషి చెప్తే మార్చమంటారా? జాబితా మీద సంతకాలు అయిపోయాయి."

"మిషన్ చెప్పలేదు సార్. ఆ రోజుల్లో అసలు ఎవరూ కొలవలేదు. కొలవని వానను మీరు ఎట్లా ఒప్పుకుంటారు?"

ఆయన టీ కప్పు కింద పెట్టి, "నీది ఏ ఊరమ్మా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. ఊరి పేరు చెప్పాను, అక్కను ఎక్కడ ఇచ్చారో కూడా చెప్పాను. ఆయన తల ఊపి చిన్నగా నవ్వాడు. ఆ తర్వాత నేనెంత చెప్పినా దున్నపోతు మీద వానే.

పిల్లలూ, ఇందులో నా తీర్పు ఇది. ఇంతియాజ్ చేసింది పొరపాటు, అందరం చేస్తాం. ఆఫీసులో కూర్చుని తెలిసి కూడా కదలనివాళ్లు చేసింది పొరపాటు కాదు. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టే మీటింగుల్లో మీరు చాలాసార్లు కూర్చుంటారు. కూర్చోండి, జీతం కోసం తప్పదు, కానీ మనసులోనైనా రెంటినీ కలపొద్దు. ఇంకో సంగతి. తప్పు పట్టినవాళ్లకు అందులో లాభం ఉందా అని మీ గురించి ఆరా తీస్తారు. తప్పు వల్ల నష్టపోయే ఊళ్లో పుట్టినవాళ్లకే కదా ఆ తప్పు ముందు కనిపించేది. ఊరు లేనివాళ్లను ఎక్కడి నుంచి తెస్తారు?

సంత

ఫోన్‌లో చెప్పడానికి మనసొప్పక ఆదివారం మడకశిర బస్సెక్కాను. నేను చేరేసరికి బావ ఎద్దులను తోలుకుని సంతకు బయలుదేరాడు. సంత కర్ణాటక వైపు. నేనూ పక్కన నడిచాను. ఎద్దులకు పక్కటెముకలు తేలాయి, కొమ్ములు మాత్రం కడిగి నూనె రాసి ఉన్నాయి.

"నువ్వేదో తప్పు కనిపెట్టినావంట గదమ్మా, అక్క చెప్పింది. దిద్దినారా?" అని బావ అడిగాడు.

"దిద్దినారు బావా."

"మరి గడ్డి వస్తాదా?"

"ప్రోగ్రాం దిద్దినారు. జాబితా దిద్దలేదు."

ఆయన ఎద్దులను కొంచెం ముందుకు అదిలించాడు. "అట్లనా" అన్నాడు. అంతే. నన్ను తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

సంతలో తలలకన్నా కొమ్ములే ఎక్కువ కనిపించాయి. దళారి తువ్వాలు పరిచి బావ చెయ్యి దాని కిందికి లాక్కున్నాడు. ఆ తువ్వాలు చాటున వేళ్లతోనే బేరం, పైకి మాట ఉండదు. "అందరూ అమ్మేకే వచ్చినారు వెంకటేశప్పా, కొనేకి యారూ ఇల్ల" అన్నాడు దళారి సగం కన్నడంలో, కొనేవాళ్లు ఎవరూ లేరని. తువ్వాలు కింద బావ చెయ్యి రెండు మూడు సార్లు వెనక్కి లాక్కుంది, తర్వాత లాక్కోలేదు. కొన్నవాళ్లు దున్నుకునేవాళ్లు కాదని ముగ్గురికీ తెలుసు. లారీ అక్కడే నిలబడి ఉంది. బావ ఎద్దుల మెడల్లో గంటలు విప్పుకోవడం కూడా మరిచి వచ్చేశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, దారిలో ఎవరో పరిచయస్థుడు ఎదురై మీ మండలానికి గడ్డి కేంద్రం రాలేదేమప్పా అని అడిగాడు. బావ నా వైపు చూడకుండానే, వాన పడింది కదా మాకు, అన్నాడు.

తర్వాతి సీజనుకు జల్లు కొత్త వెర్షన్ వెళ్లింది. మార్పుల వివరంలో 'చిన్న సవరణలు' అని రాశారు. అన్ని ప్రాసెసర్ల మీదా ఒకే జవాబు ఇచ్చే స్థిరమైన ప్యాకేజీ అని చిన్న సభ పెట్టి, ఓనరుగారు నాకూ ఇంతియాజ్‌కూ శాలువాలు కప్పించారు. ఇంతియాజ్ ఆ నెలలోనే మానేశాడు. నేను మానలేదు, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. జల్లు తర్వాత ఏ ప్యాకేజీ కూడా ఖాళీ రోజుల పరీక్ష కాకుండా ఆ మెట్లు దిగలేదు. అందుకు నాతో అందరూ విసిగిపోయారు, అది వాళ్ల బాధ.

కొత్త వెర్షన్ వెళ్లిన ఆ యేడు వాన పడింది. నిజంగానే పడింది, మాట వినపడనంతగా రేకుల మీద మోత మోగిస్తూ. మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ వచ్చింది. అక్క అనుకుని ఎత్తాను, బావ.

"దుక్కికి మంచి పదునమ్మా శాంతమ్మా. ఊరంతా దున్నుతాండారు."

"మీరు, బావా?"

"మేము గట్టు మింద కూర్చోని చూస్తాండాం."